రాలేదని నేను చెప్పిన తండ్రి

మొన్న శనివారం సాయంత్రం మా మనుమరాలు బడి నుంచి వచ్చి, చేతిసంచీ మంచం మీద పడేసి, కాళ్లు కడుక్కుని అన్నం ముందు కూర్చుంటూ ఒక మాట అంది. ఆమెదీ నాలాగే పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగమే, ఇక్కడే కడపలో. ఆ రోజు బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారట, ఇంటింటికీ చీటీలు పంపారట, తీరా చూస్తే సగం మంది కూడా రాలేదట. ఈ జనానికి పిల్లల చదువంటే శ్రద్ధ లేదు తాతా, ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే, అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రానివాళ్ల ఇళ్లకు నువ్వెప్పుడైనా పోయి చూశావా అని అడిగితే, అన్ని ఇళ్లకు ఎట్లా పోతాను తాతా అని నవ్వింది. పెరుగన్నం కలిపిన చెయ్యి కడిగేసుకుని లేచి పోయాను. ముసలాయనకు రానురాను ముక్కు మీద కోపం ఎక్కువవుతోందని కోడలు వంటింట్లో గొణగడం వినపడింది. ఇది ముక్కు మీది కోపం కాదు, యాభై ఏళ్లకు పైగా కడుపులో పెట్టుకున్న కోపం. నా ఈడు వాళ్లకు, బోర్డు బళ్ల కాలం తెలిసినవాళ్లకు చెబితేనే అర్థమవుతుందని ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు దొరక్క జనం పొద్దుండగానే తిని పడుకునే రోజులు. నాకు పందొమ్మిదేళ్లు, పెళ్లయి ఆరు నెలలు. ఒంటిమిట్ట దగ్గర మా ఊరు. మా నాయనకు చెరువు కింద కాస్త మడి, గుట్ట వారన కాస్త చేను. టీచరు ట్రైనింగు ముగించిన నన్ను కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు దాపున ఒక మెట్ట ఊళ్లో జిల్లా బోర్డు బడికి అసిస్టెంటుగా వేశారు. ఎటు చూసినా ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్లు, వాటి మధ్య జొన్న చేలు, వేరుశనగ చేలు. వేరుశనగ కాయలను అక్కడ బుడ్డలంటారు. మావైపు సంగటికి అలవాటు పడిన నాకు ఆ జొన్నరొట్టె మొదట్లో గొంతు దిగేది కాదు. నేనుండే ఇంటి అవ్వ రొట్టె మీద గొడ్డుకారం చల్లి నాలుగు బొట్లు నూనె వేసి, తినప్పా, నమలడం నేర్సుకుంటే అదే దిగుతాది, అనేది. ఏడాది తిరిగేసరికి ఆ రొట్టె లేని పూట ఆకలి తీరినట్టే ఉండేది కాదు. ఆ అవ్వ సంగతి రాస్తే అదొక పెద్ద కథ అవుతుంది.

బడి ఊరి చావిడిలోనే నడిచేది. మూడు మెట్లెక్కితే రాతి స్తంభాల చావిడి, మెట్ల పక్కన కింద మూరెడెత్తు అరుగు. ఊరి పిల్లలు పైన కూర్చునేవాళ్లు, పల్లె పిల్లలు అరుగు మీద కూర్చునేవాళ్లు. పల్లె అంటే ఊరికి దక్షిణంగా, అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టినవాళ్ల వాడ. వాళ్లలో చాలామంది చర్చికి పోయే కుటుంబాలవాళ్లు. పిల్లలందరినీ బడిలో చేర్చుకోవాలని సర్కారు ఉత్తర్వు ఉంది కాబట్టి చేర్చుకున్నారు, ఎక్కడ కూర్చోబెట్టాలో ఉత్తర్వులో లేదు కాబట్టి అరుగు మీద కూర్చోబెట్టారు. ఈ ఏర్పాటును మా హెడ్మాస్టరు తన గొప్ప తెలివిగా చెప్పుకునేవాడు. ఊరూ ఊరుకుంది, ఉత్తర్వూ నిలిచింది, అని మీసం దువ్వుకునేవాడు.

ఆయన చెడ్డవాడని రాసేస్తే నాకు సుఖంగా ఉంటుంది గానీ, అది పూర్తి నిజం కాదు. లెక్కలు ఆయన చెప్పినట్టు నేను జీవితంలో చెప్పలేకపోయాను, ఒక్క పూట ఆలస్యంగా వచ్చి ఎరగడు, అరుగు మీది పిల్లలకు కూడా పైవాళ్లకు చెప్పినంతా చెప్పేవాడు. కాకపోతే వాళ్లు పలకను మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగితే వంగి చూసి తప్పులు నోటితో చెప్పేవాడే తప్ప పలక ముట్టేవాడు కాదు. మొదటి నెలలో నేను ఒకసారి ముట్టబోతే పైనుంచి దగ్గాడు. ఆ దగ్గు దేనికో నాకు తెలిసింది, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పటినుంచి నేనూ ముట్టలేదు.

అరుగు మీది పిల్లల్లో అయిదో తరగతి చదివే ఆడపిల్ల ఒకతె ఉండేది. మూడో తరగతి దాకా పల్లెలోని చర్చి పంతులు దగ్గర చదివి మా బడికి వచ్చింది. ఒకసారి విన్న పద్యం మళ్లీ అడగనక్కర్లేదు, నోటిలెక్క చెబితే పైన కూర్చున్న మగపిల్లలు వేళ్లు మడుస్తుండగానే కింద నుంచి జవాబు వచ్చేది. అందుకు పైవాళ్లకు తిట్లు పడేవి, ఆ పిల్లకు మెప్పు దొరికేది కాదు. వాళ్ల నాయనది ఊరి చాటింపు పని. ఎద్దు తప్పిపోయినా, శిస్తుకు అధికారి దిగినా, మారెమ్మకు పొంగళ్లు పెట్టినా, తప్పెట మెడకు వేసుకుని వీధివీధీ తిరిగి చెప్పేవాడు. ఆయన గొంతు మామూలు గొంతు కాదు, బండల్లో పడి తిరిగొచ్చేది.

ఆ ఏడు బోర్డు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. బడికీ ఇళ్లకూ సంబంధం లేకుండా పోతోంది కాబట్టి ప్రతి బడిలోనూ పేరెంట్సు డే జరపాలి, తల్లిదండ్రులను పిలవాలి, వాళ్లతో మాట్లాడాలి అని అందులో ఉంది. మంచి కాగితమే. దాని వెంట ఇంకొక సంగతి కూడా ఉంది. కర్నూల్లో ఆడపిల్లలకు ఒక బోర్డింగు బడి ఉండేది, తిండీ బట్టా వాళ్లే పెట్టి చదివించి ట్రైనింగు కూడా ఇప్పించేవాళ్లు. మా చుట్టుపక్కల బళ్లన్నిటికీ కలిపి అందులో ఒక్క చోటు వచ్చింది. పేరెంట్సు డే నాడు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారే వచ్చి పిల్లను చూసి ఎంపిక చేస్తారు. అయితే ఆడపిల్లలను కోతలప్పుడో పెళ్లి కుదిరినప్పుడో మధ్యలో లాక్కుపోతున్నారు గనక, ఆ పిల్ల తండ్రో తల్లో ఆ రోజు స్వయంగా ఆయన ముందుకు వచ్చి, మా బిడ్డను చదువు మానిపించం అని చెప్పాలి. చెప్పకపోతే ఆ చోటు వేరే ఊరి పిల్లకు పోతుంది. మా బడిలో ఆ చోటుకు తగింది ఆ పిల్ల ఒక్కతే. ఈ మాట హెడ్మాస్టరు కూడా కాదనలేదు.

ఈ సంగతి నేనే ఆ పిల్లకు చెప్పి ఇంట్లో అడగమన్నాను. మరునాడు పొద్దున అరుగు దగ్గర నాకోసం నిలబడి, మా నాయన వస్తాడంట సార్, పంచె గూడ ఉతికి పెట్టుకోనుండాడు, అని చెప్పింది. టీచరమ్మనవుతావు పో అన్నాను. తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పేరెంట్సు డేకు ఊరిని పిలవడానికి మా హెడ్మాస్టరుకు తెలిసిన దారి ఒక్కటే, చాటింపు. ఏం చెప్పాలో కాగితం మీద రాసి మెట్టు మీద పెట్టాడు. తండ్రికి చదువు రాదు కదా, ఆ కాగితాన్ని కూతురు చదివి వల్లె వేయించింది. మూడు రోజులు, రోజుకు రెండు పూటలు, ఊరిలో ప్రతి వీధి మొగదల నిలబడి చెప్పాడు. బడికి పిల్లోల్లను పంపే అమ్మానాయనలంతా శుక్రవారం పొద్దున చావిడికాడికి రావల్లప్పా, మీ బిడ్డల సదువు సంగతి డిప్టీ దొర మీతోనే మాట్లాడతాడంట, అని. రెండో రోజు నుంచి కాగితంలో లేని ముక్క ఒకటి సొంతంగా కలిపాడు. మా పాప గూడ సదువుతాండాది, నేను గూడ వస్తాండా, అని. ఇళ్ల అరుగుల మీద కూర్చున్న జనం పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు పిలిపించి, చెప్పమన్నది చెప్పరా, కథలు పెట్టొద్దు, అని కసిరాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. చెడ్డ నవ్వు కాదు, ముచ్చటేసి నవ్వాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

శుక్రవారం చావిడికి మామిడాకులు కట్టాం. ఊరి పెద్దరైతు ఇంటి నుంచి జంఖానా వచ్చింది, కరణం ఇంటి నుంచి కుర్చీ వచ్చింది, గంపెడు బొరుగులు, బెల్లం తెప్పించాం. పెద్దరైతు, కరణం, ఊరి మగవాళ్లంతా జంఖానా మీద కూర్చున్నారు. ఆడవాళ్లెవరూ రాలేదు, వాళ్లు వస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. ఇన్‌స్పెక్టరుగారి బండి వచ్చేటప్పుడు తప్పెట కొట్టాలని హెడ్మాస్టరు ఆ పిల్ల తండ్రికి ముందే చెప్పిపెట్టాడు. ఊరి మొదట నుంచి బండి ముందర కొట్టుకుంటూ వచ్చి, చావిడి ఎదుట బందెలదొడ్డి గోడ దగ్గర ఆగిపోయాడు. తప్పెట గోడకు ఆనించి, తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తెల్లని పంచె. అంత తెల్లగా ఉతికిన పంచె ఆ రోజు జంఖానా మీద కూడా లేదు.

ఇన్‌స్పెక్టరుగారు కోస్తా జిల్లాల మనిషి, మెత్తగా మాట్లాడేవారు, మావైపు ఆచారాలు ఎంత తెలుసో నాకు తెలియదు. అయిదో తరగతి పిల్లల పేర్లు నన్ను చదవమన్నారు. పేరు చదివితే ఆ పిల్లవాడి తండ్రి లేచి, వచ్చినాను, అనాలి. అట్లా ఒక్కొక్కరే లేస్తున్నారు, నేను హాజరు పట్టీలో గీస్తున్నాను. ఆ పిల్ల పేరు వచ్చింది, చదివాను.

గోడ దగ్గర నుంచి జవాబు వచ్చింది. వచ్చినా సామీ, అని. బండల్లో పడి తిరిగొచ్చే ఆ గొంతు ఆ రోజు గాలికి కొట్టుకుపోయేంత చిన్నగా, బొంగురుగా ఉంది. కుర్చీలో ఉన్నాయనకు వినపడలేదు. మెట్ల వైపు నిలబడి ఉన్న నాకు వినపడింది. తలెత్తి చూశాను, గోడ దగ్గర ఆ తండ్రీ నన్నే చూస్తున్నాడు. హెడ్మాస్టరు దగ్గాడు. జంఖానా మీద పెద్దరైతు తొడ మీది కండువా తీసి భుజాన వేసుకున్నాడు, లేచిపోయే మనిషి వేసుకున్నట్టు. ఆయన లేస్తే ఊరంతా లేస్తుంది, ఊరు లేస్తే చావిడి ఉండదు, చావిడి లేకపోతే బడి ఉండదు, అన్నిటికంటే ముందు అసిస్టెంటుగా కొత్తగా చేరిన నేనుండను. ఇదంతా రెప్పపాటులో ఆలోచించాను. ఇంత చురుగ్గా లెక్క కట్టగలిగిన నా బుర్రకు, ఏమండీ అడుగో ఆ తండ్రి అని వేలు చూపించడం మాత్రం చేతకాలేదు. తండ్రి రాలేదా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. రాలేదండి, అన్నాను.

అరుగు మీద ఆ పిల్ల లేచి నిలబడింది. గోడ వైపు చెయ్యి ఎత్తబోయింది. హెడ్మాస్టరు చటుక్కున, ఈ పిల్ల పద్యం బాగా చెబుతుందండీ, చెప్పవే, అన్నాడు. ఎత్తిన చెయ్యి దించుకుని, కట్టుకుని, ఆ పిల్ల పద్యం చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చెప్పినంతసేపూ మా ఎవరివంకా చూడలేదు, గోడ వైపే చూసింది. అక్కడ ఆ తండ్రి కూతురి పద్యం విని మురిసిపోయి పక్కనున్న గొడ్లకాపరికి చెయ్యి ఊపి చూపిస్తున్నాడు. నేనన్న మాట అంత దూరం పోలేదు. ఇన్‌స్పెక్టరుగారు శభాష్ అని, నిట్టూర్చి, ఎంత తెలివైన పిల్ల, కన్నవాళ్లకే శ్రద్ధ లేకపోతే బడి మాత్రం ఏం చేస్తుంది చెప్పండి, అన్నారు. జంఖానా అంతా తలలూపింది. ఆ తలలన్నీ పట్టుకుని బండకేసి కొట్టాలని అప్పుడు నాకు అనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు బొరుగులు పంచాను. బండి పోయేటప్పుడు ఆ తండ్రే మళ్లీ తప్పెట కొట్టి సాగనంపాడు.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది, చోటు వేరే ఊరి పిల్లకిచ్చామని. తండ్రికి ఆసక్తి లేనందున, అని కారణం కూడా రాశారు. ఆ పిల్ల అప్పటికే బడికి రావడం మానేసింది. హెడ్మాస్టరు ఉత్తరాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుని, పోనీలే, మనం చేయగలిగింది చేశాం, అన్నాడు. చేయగలిగింది చేశామట. ఆ సాయంత్రం నేను పల్లెలో వాళ్లింటికి పోయాను. చావిడి మెట్ల మీద నిలబడి కేకేస్తే వినపడే ఇల్లది, ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్న కప్పు అది, అప్పటిదాకా ఒక్కసారి అటు అడుగు పెట్టలేదు.

నన్ను చూసి ఆ తండ్రి కంగారుపడి, చర్చికి పరుగెత్తి ఒక స్టూలు తెచ్చి గుడ్డతో తుడిచి వేశాడు. తాను నిలబడే ఉన్నాడు. గుమ్మంలో తల్లీ కూతురూ బుడ్డలు ఒలుస్తున్నారు. చోటు పోయిందని చెప్పాను. ఎందుకు పోయిందని ఆయన అడగలేదు, కారణం ఆయనకు ముందే తెలుసునట.

నాదే తప్పు సామీ, అన్నాడు. మూడు దినాలు అరిసి అరిసి గొంతు బొంగురు పోయిండె. ఇంగ రోంత గట్టిగా పలికింటే ఆయప్పకు ఇనపడిండు. ఊరందరినీ పిలిసినా, నా బిడ్డకాడికొచ్చేసరికి గొంతు రాకపాయె.

నేను ఆ పిల్ల వంక చూశాను. రాలేదండి అని నేనన్న మాట ఆ పిల్ల మూడు గజాల దూరంలో కూర్చుని విన్నది. ఇంటికొచ్చి నాయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఇట్లా మాట్లాడడు. పన్నెండేళ్ల పిల్ల, తన గొంతు వల్లే పోయిందని తండ్రి అనుకుంటుంటే అనుకోనిచ్చింది, పల్లెకు వచ్చిన అయివారు, చదువు చెప్పే మనిషి, అబద్ధాలకోరని తెలిస్తే ఆయన ఏమైపోతాడో అని కాబోలు. నా వంక ఒకసారి చూసి, తల దించి మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా, నాకు వినపడింది, నేనే అబద్ధమాడాను అని చెప్పి, పొరుగూరి మకాములో ఉన్న ఇన్‌స్పెక్టరుగారి దగ్గరకు పోయి కాళ్లు పట్టుకోవచ్చు కదా. విప్పలేదు. ఆయన నాతోపాటు పల్లె చివరిదాకా నడిచి, ఊరు మొదలయ్యే చోట ఆగి, వచ్చే ఏడు గూడ దొర వస్తాడు గదా సామీ, ఆ తూరి గొంతు దాసిపెట్టుకుంటా, అన్నాడు. అయిదో తరగతి ముగిసిన పిల్లకు వచ్చే ఏడు అనేది ఉండదని ఆయనకు తెలియదు. చూద్దాంలే అని వచ్చేశాను.

ఆ తరువాత నాకు మావైపే బదిలీ అయింది. రాజంపేట చుట్టుపక్కల ఊర్లలో ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను. ఎక్కడ చేరినా మొదటి వారం బడి పని పక్కన పెట్టి, ఇళ్ల పని పెట్టుకునేవాణ్ణి. ప్రతి పిల్లవాడి ఇంటికీ పోయి, వాళ్లు వేసిన చాప మీద కూర్చుని, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి, ఏ ఇంట్లో ఎవరు ఏ వేళకు ఉంటారో, ఏ నెలలో ఎవరు కూలికి పోతారో తెలుసుకునేవాణ్ణి. తల్లిదండ్రులతో ఏదైనా మాట్లాడాలంటే చేను గట్టు మీద మాట్లాడేవాణ్ణి, బడికి రమ్మనేవాణ్ణి కాదు. ఇల్లిల్లూ తిరిగే అయివారని జనం నవ్వేవాళ్లు. పై అధికారులు ఒకసారి మెచ్చుకుని శాలువా కూడా కప్పారు. ఆ శాలువా కప్పించుకుంటూ నేను పడ్డ సిగ్గు ఎవరికీ కనపడలేదు. ఇవన్నీ చేసి నేనేదో తీర్చేశానని అనుకుంటే అది ఇంకొక అబద్ధం. ఆ ఒక్క పిల్లకు దీనివల్ల ఒరిగింది ఏముంది?

ఇప్పుడు అరుగులు లేవు, ఎవరైనా మెట్లెక్కవచ్చు, అది గొప్ప మార్పే, కాదని నేను అనను. కానీ ఆ రోజుల్లో అయివారు పిల్లల ఇళ్లకు కేకేసినంత దూరంలో బతికేవాడు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో పొగను చూసి చెప్పగలిగేవాడు. అంత దగ్గరతనం చేతిలో పెట్టుకుని దాన్ని మేం దగ్గుకూ కండువాకూ భయపడి పాడు చేసుకున్నాం. ఇప్పుడు భయం తగ్గింది, ఆ దగ్గరతనమూ పోయింది. పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కే అయివార్లకు ఇళ్లు ఎట్లా తెలుస్తాయి, బస్సు మీద కోప్పడి ఏం లాభం.

ఆ తండ్రి ఎప్పుడో పోయి ఉంటాడు. నన్ను ఒక్క తిట్టు తిట్టకుండా పోయాడు, అదే నాకు తీరని కోపం. ఆ పిల్లకు ఇప్పుడు డెబ్బై ఏళ్లు నిండి ఉంటాయి, ఎక్కడో ఉండే ఉంటుంది. ఆమె మనుమలూ మునిమనుమలూ ఏదో ఒక బడిలో చదువుతూనే ఉంటారు. బడి పిలిస్తే ఆమె పోతుందో పోదో నాకు తెలియదు. పోకపోతే మాత్రం, ఆ ఇంటివాళ్లకు చదువంటే శ్రద్ధ లేదని అక్కడి అయివారు అనకుండా ఉంటే చాలు. ఆ శ్రద్ధ తెల్లటి పంచె కట్టుకుని వచ్చి నిలబడితే, కళ్లారా చూసి రాలేదని చెప్పినవాణ్ణి నేను.